కుర్చీలు వేసే మనిషి

ఆరింటికి మీటింగు.
నాలుగింటికే మొదలుపెట్టాను.
నూట నలభై కుర్చీలు, పదకొండు కుంటివి;
ఏది ఎటు ఒరుగుతుందో నా మోకాలికి తెలుసు.

కేప్‌టౌన్‌లో గాలి ఎక్కడ పుడుతుందో గానీ
మా సాల్ట్ రివర్‌కొచ్చి
ఈ హాలు గుమ్మం దగ్గరే చెప్పులు విడుస్తుంది.
గడియకి కట్టిన సైకిల్ ట్యూబు
ఈ మధ్యే మార్చాను.

వాళ్ళు ముందుగా బొమ్మ తెచ్చారు.
తెల్ల అట్టతో ఎనిమిది అంతస్తులు,
మేడ మీద తోట, తోటలో స్పాంజి చెట్లు,
అగ్గిపుల్లంత మనుషులు.
ఎవరికీ ముఖం లేదు.
ఎవరి చేతిలోనూ సంచి లేదు.
ఆర్కిటెక్ట్ అమ్మాయి మంచిదే,
బల్ల మోయడానికి తనే ఒక చివర పట్టుకుంది.
"హాలు ఎక్కడికీ పోదు అంకుల్,
కింది అంతస్తులో ఉంటుంది" అని వేలు పెట్టి చూపించింది.
అది ఆమె గోరంత ఉంది.

మొదట గదీజా సాలీ లేచింది.
బట్టల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు కాలర్లు కుట్టిన మనిషి,
మాట కూడా అంచు మడిచి కుడుతుంది:
"నా పెళ్ళి విందు ఇక్కడే.
మా ఆయన జనాజా రోజు టీ ఇక్కడే.
ఫ్యాక్టరీ మూసిన పొద్దున్న నాలుగొందల మందిమి
ఎటు పోవాలో తెలీక వచ్చి కూర్చున్నదీ ఇక్కడే.
మీ బొమ్మలో ఆ నాలుగొందల మందిమీ పడతామా?"

చప్పట్లు.
గాలికి పైన రేకులు కూడా కొట్టాయి.

తర్వాత లేచింది ఆమె మనవరాలే, రుష్దా.
"ఓమా, ఏమనుకోకు.
మనింట్లో రెండు గదులకి తొమ్మిది మందిమి.
వీళ్ళు కట్టేవాటిలో పాతిక ఇళ్ళు తక్కువ అద్దెకట.
నాకొకటి కావాలి.
జ్ఞాపకాలకి స్నానాల గది ఉండదు ఓమా."

ఈసారి చప్పట్లు లేవు.
కొట్టాలనిపించిన వాళ్ళు
చేతులు జేబుల్లో పెట్టుకున్నారు.

పాతిక కాదు పన్నెండేనని ఎవరో కాగితం ఊపారు.
తక్కువంటే ఎవరి జేబుకి తక్కువని
బాక్సింగ్ నేర్పే డెంజిల్ అడిగాడు.
కౌన్సిలరు నీళ్ళు తాగాడు.
మళ్ళీ తాగాడు.
వీధి చివర పసుపు తలుపు ఇల్లు కొనుక్కున్న జంట
"మాకూ ఈ హాలు ఇష్టమే,
రాత్రి పది దాటాక బ్యాండు ప్రాక్టీసు ఒక్కటి గనక..."
ఆ మాట పూర్తి కాలేదు.
బ్యాండు వాళ్ళు మూడు వరసలున్నారు మరి.

"ఇగ్షాన్ అంకుల్, తాళాలు నీ దగ్గరే కదా,
నువ్వేమంటావ్?"

అనాల్సినవి ఉన్నాయి.
వంటగది కప్పు మూడు చోట్ల కారుతుందనీ
మూడో చోట బకెట్ పెట్టడం మానేశాననీ.
కొండ కింది వీధిలోంచి మమ్మల్ని
సర్కారు లారీలో వేసి పంపినప్పుడు
అమ్మ మొదటి రాత్రి పడుకున్నది
ఈ చెక్క నేల మీదేననీ.
అప్పుడు బుల్డోజర్, ఇప్పుడు అట్టబొమ్మ.
రెండూ ఒకటేనంటే
అమ్మకి అన్యాయం చేసినట్టు.
వేరంటే ఎక్కడ వేరో చూపించలేను.

ఇంకోటి, ఎవరికీ చెప్పనిది:
మూలన వెలిసిన కొత్త కాఫీ కొట్టుకి
వారానికోసారి కాలర్ పైకెత్తుకుని వెళ్తాను.
రెండు రొట్టెల ఖరీదుకి ఒక కప్పు.
బాగుంటుంది.
అదే బాధ.

ఏదీ అనలేదు.
"గాలెక్కువైంది, తలుపు పట్టుకోవాలి" అన్నాను.

చేతులెత్తమన్నారు.
నా రెండు చేతులూ తలుపు మీదున్నాయి.
అటు అరవై ఒకటి, ఇటు యాభై ఎనిమిది.
ఇది సలహా మాత్రమే, తేల్చేది వేరే చోటని
కౌన్సిలరు అప్పుడు చెప్పాడు.

గదీజా, రుష్దా కలిసే వెళ్ళారు,
గాలికి ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని,
ఒక్క మాటా లేకుండా.

కుర్చీలు మడిచాక చూశాను,
బొమ్మ మర్చిపోయారు.
ఆ గోరంత హాల్లోకి వంగి ఒక కన్ను పెట్టాను.
నేల నున్నగా ఉంది. దీపాలు కూడా గుచ్చారు.
కుర్చీలు లేవు.

ఎత్తుకెళ్ళి వంటగదిలో పెట్టాను,
కారని చోటు చూసి.
ఇది వానల కాలం కాదు.
అలవాటు.